సర్వర్ గదిలో ఒక వేసవి

విజయనగరంలో మా ఆఫీసు సర్వర్ గదిలోకి వెళ్లాలంటే మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకునేవాళ్లం. రెండు ఏసీలూ 18 డిగ్రీల మీద రాత్రింబగళ్లు నడిచేవి. అయినా పై వరస సర్వర్లు వేడెక్కి మొరాయించేవి. మూడో ఏసీ కొందామని అందరూ తేల్చేశారు.

నాకు మనసొప్పలేదు. ఒక మధ్యాహ్నం సర్వర్లు వరసగా అమర్చే ర్యాక్ ముందు నిలబడి ఖాళీ అరల దగ్గర చెయ్యి పెట్టాను. ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసినట్టు వేడిగాలి కొట్టింది. వెనక నుంచి బయటికి పోవలసిన గాలి ఆ సందుల్లోంచి ముందుకు వచ్చి, మళ్లీ సర్వర్లలోకే దూరుతోంది! చల్లగాలేమో ఎవరికీ అక్కరలేని మూలన తిరుగుతోంది.

మూడు లాంతర్ల కూడలి దగ్గర రేకులు కొలతకు కోయించి తెచ్చి ఖాళీ అరలన్నీ మూశాం. కేబుళ్ల కన్నాలు కూడా. తర్వాత ఏసీలను వారానికొక డిగ్రీ చొప్పున 24కి పెంచాం. సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల వరకు ఉండవచ్చని ఏసీ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఆష్రే సిఫారసే చెబుతోంది. ఇన్నాళ్లూ ఎందుకంత భయపడ్డామో! మూడో ఏసీ అవసరం రాలేదు.

మొత్తం కరెంటును సర్వర్లు వాడే కరెంటుతో భాగిస్తే వచ్చే అంకెను పీయూఈ అంటారు. 1కి ఎంత దగ్గరైతే అంత మేలు. మాది 2కు పైన ఉండేది. ఇప్పుడు ప్రతి సోమవారం రెండు మీటర్లూ చూసి నోటుపుస్తకంలో రాస్తున్నాను.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించినప్పటి నుంచి ఇక్కడి పిల్లలకు దానిమీదే ఆశ. నన్ను సలహా అడిగేవాళ్లను ముందు మా గదికి తీసుకొచ్చి, ఒక రేకు తీసి, అక్కడ చెయ్యి పెట్టమంటున్నాను.