కోరంగి మడలో నీటికి దారి

కాకినాడ దగ్గరున్న కోరంగి మడ అడవికి (మాంగ్రోవ్) ఆదివారం మాత్రం వెళ్లకండి. చెక్క వంతెన మీద అడుగు పెట్టే చోటుండదు. సెల్ఫీల వాళ్లు దారి ఇవ్వరు. అంతకన్నా బాధ కలిగించింది కింద బురద. నల్లమడ, తెల్లమడ చెట్ల చుట్టూ నేలలోంచి జానెడేసి వేర్లు పైకి లేచి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. ఆ వేర్లకి చిప్స్ ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు చుట్టుకుని ఉన్నాయి. పాటుకి, అంటే సముద్రం నీరు వెనక్కి తీసినప్పుడు, కొన్ని కొట్టుకుపోతాయి, మళ్లీ నీరెక్కే పోటుకి వచ్చి చేరతాయి. 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న చోటు, మడ, పాయలు కలిపి 235 చదరపు కిలోమీటర్లు, నీటి పిల్లులు (ఆటర్లు), చేపలు పట్టే బావురు పిల్లులు తిరిగే నేల. అక్కడికొచ్చి చేతిలోది కింద పడేయడానికి చెయ్యెలా వస్తుందో నాకర్థం కాదు.

బోటెక్కుదామంటే పాటు మీదుందన్నారు. నీరు ఎక్కేదాకా బోటు కదలదు. యానాం బస్సు దాటిపోయిందని కాకినాడలో ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ ఎనిమిదొందలు. ఆగితే గంటకి వంద అదనం అంటాడు అతను. మా ఆవిడ వెనక్కి వెళ్లిపోదామంది. ఆ చిరాకులో నిలబడి ఉండగా గట్టు మీద వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన పలకరించాడు. “నీరెక్కడానికి ఇంకా టైముంది బాబూ. మడ చూడాలంటే ఇక్కడ కాదండి, ఇలా రండి.”

ఊరి వైపు గట్టు మీద అరగంట నడిపించాడు. ఎండ మండిపోతోంది. ఒక చోట ఆగి చెయ్యి చూపించాడు. నాకు కనపడింది మామూలు మడే. తలెత్తి చూడాల్సినంత ఎత్తు చెట్లు, మధ్యలో సన్నటి కాలవలు.

“ఇదంతా బోడి నేలండి. మా చిన్నతనంలో వంటచెరుకు కోసం కొట్టేశారు. తర్వాత ఎన్ని మొక్కలు పెట్టినా చచ్చిపోయేయి. ఆ కాలవలు మేం తవ్వినవే.”

అప్పటిదాకా చదివినదేదో కళ్లముందు నిలబడ్డట్టయింది. మడ కొట్టేస్తే ఎండ నేరుగా నేలకి తగులుతుంది. బురద ఆరి కుంగుతుంది, నేల మధ్యలో పళ్లెంలా గుంటపడుతుంది. పోటుకి లోపలికొచ్చిన నీరు పాటుకి తిరిగి పోలేక అక్కడే నిలిచి ఆవిరైపోతుంది. ఉప్పు మిగిలిపోతుంది. అలా ఏళ్ల తరబడి పేరుకుంటే, ఉప్పునీటిలో పుట్టిన మడ మొక్క కూడా ఆ ఉప్పుకి తట్టుకోలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు తమిళనాడు పిచ్చావరంలో ఈ సంగతి గమనించి, 1990లలో చేపముల్లు కాలవల పద్ధతి తెచ్చారు. మధ్యలో ఒక పెద్ద కాలవ తవ్వి దాన్ని ఏటి పాయకి కలుపుతారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు. రోజుకి రెండు సార్లు పోటు లోపలికి వస్తుంది, రెండు సార్లు బయటకు పోతుంది, పోతూ పోతూ ఉప్పుని కడుక్కుపోతుంది. ఆ తర్వాత కాలవ వాలు మీద మొక్కలు నాటుతారు. అటవీ శాఖతో, ఊరి సమితులతో కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ ఇదే చేశారు.

పెద్దాయన ఇవేవీ ఇలా చెప్పలేదు. కాలవ లోతు ఎంతుండాలన్న దాని మీద ఇంజనీరు బాబుకీ తనకీ జరిగిన వాదన చెప్పాడు. “అమావాస్య పోటుకి నీరెంత వరకు వస్తదో మాకు తెలీదా అండి? పాయ మట్టానికి తవ్వకపోతే నీరొస్తది గానీ, పోదు.” చివరికి తన మాటే నెగ్గిందన్నప్పుడు ఆయన ముఖంలో కనపడిన గర్వం నాకు చాలా నచ్చింది. అది గర్వపడాల్సిన పనే. ఇప్పుడు ఆ కాలవల్లో మండపీతలు దొరుకుతున్నాయట, రొయ్య పిల్ల ఆ వేర్ల మధ్యే పెరుగుతోందట.

ఈ తీరాన్ని కొట్టిన 1996 నవంబరు 6 తుఫాను గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు. “నీరు మా ఊళ్లోకీ వచ్చిందండి. కానీ మడ వెనకున్నాం కదా, మీద పడ్డట్టు రాలేదు. లేచి పరిగెత్తడానికి టైమిచ్చింది.” అంతే చెప్పాడు.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది కృష్ణా డెల్టా తీరంలో నిజాంపట్నం వైపు. చిన్నప్పుడు మా తాతగారింటి వెనక నడుస్తూ పోతే మడే వచ్చేది. నేను హైస్కూల్లో ఉండగా రొయ్యల చెరువులు వచ్చాయి. ఊరంతా మోటార్ సైకిళ్లు, డాబాలు. 1990ల మధ్యలో రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులే ఖాళీ అయిపోయాయి. అప్పులు మిగిలాయి. మడ కొట్టేసి వేసిన గట్లు కూడా మిగిలాయి. ఇప్పటికీ ఆ గట్ల మధ్య తెల్లటి ఉప్పు పొరే. రెండేళ్ల కింద ఒక సంస్థ వాళ్లు వచ్చి వెయ్యి మొక్కలు నాటారు, బ్యానరు కట్టారు, ఫొటోలు పేపర్లో వచ్చాయి. వేసవి దాటేసరికి ఒక్కటీ లేదు. గట్టు అలాగే ఉంచి లోపల మొక్క పెడితే దానికి పోటు ఎలా అందుతుంది? కోరంగిలో ఆ చెట్ల ముందు నిలబడి నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్ని నాటారని అందరూ అడుగుతారు, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయని అడిగేవాళ్లే కనపడరు. గట్టుకి నాలుగు చోట్ల గండి కొట్టి, నీటికి దారిచ్చి, చుట్టుపక్కల విత్తనం ఇచ్చే చెట్లుంటే, చాలా చోట్ల నాటాల్సిన పనే ఉండదు. పోటే విత్తనాన్ని తెచ్చి దించుతుంది.

బోటు సాయంత్రానికి కదిలింది. బాగుంది, గాడేరు పాయ సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లి తిరిగొచ్చాం, కొంగలు చూశాం. నా మనసు మాత్రం ఆ కాలవల దగ్గరే ఉంది. పెద్దాయన వెళ్లేటప్పుడు చెప్పిన మాట ఒకటి నన్ను వదల్లేదు. “కాలవ తవ్వేసి వదిలేసేది కాదు బాబూ. నాలుగు వరదలొస్తే ఒండ్రు పట్టేస్తది. పూడిక తీస్తేనే పారతది. మొక్కలకైతే ఫొటోలకి వస్తారు, పూడిక తీయడానికి ఎవరొస్తారండి?”

ఆ రాత్రే కాకినాడ నుంచి మా బాబాయికి ఫోన్ చేసి, మన చెరువుల గట్లు తెగ్గొట్టించి కాలవలు తవ్విస్తే మడ తిరిగొస్తుందని చెప్పాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. “నీళ్ల సంగతి సరేరా. ఆ నేల కొంత పట్టా, కొంత లీజు, కొంత అడవి వాళ్లది. ముందు ఏ గట్టు ఎవరిదో తేలాలి కదా” అన్నాడు. వచ్చే నెల ఊరెళ్లి సర్వే నంబర్లు రాసుకుంటానని చెప్పాను.