ఫ్లోరైడు లెక్కలో ఒక ప్లస్ గుర్తు

అనంతపురం బోరునీళ్లలోని ఫ్లోరైడును పట్టే అణువుల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తూ, దానికి కంప్యూటర్ లెక్క జతచేయాలనుకునేవాళ్ల కోసం ఇది. ఇన్‌పుట్ ఫైల్లో అలవాటుగా రాసే 6-31జి* అనే గుర్తు ఒక బేసిస్ సెట్ పేరు, అంటే ఎలక్ట్రాన్లను వర్ణించడానికి వాడే గణిత ఫంక్షన్ల సమితి. దాన్ని జాన్ పోపుల్ బృందం ఇచ్చింది. ఆయన ఏం చేశారో తెలిస్తే, మన లెక్క ఎక్కడ దెబ్బతింటుందో కూడా తెలుస్తుంది.

పోపుల్ 1925లో ఇంగ్లండులోని బర్న్‌హామ్-ఆన్-సీలో పుట్టారు. చదివింది గణితం. కేంబ్రిడ్జిలో లెన్నార్డ్-జోన్స్ దగ్గర 1951లో పీహెచ్‌డీ. 1958లో బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో విభాగాధిపతి అయ్యారు గానీ, పాలన పనులు పరిశోధనను మింగేస్తున్నాయని 1964లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్లిపోయారు. ఆ నిర్ణయమే రసాయనశాస్త్రానికి మేలు చేసింది. అణువుల లెక్కలు వేసే గాసియన్ 70 ప్రోగ్రామ్ అక్కడే పుట్టింది. 1998లో వాల్టర్ కోన్‌తో కలిసి నోబెల్.

అసలు చిక్కు ఇదీ. నిజమైన ఆర్బిటాల్ (పరమాణువులో ఎలక్ట్రాన్ పరుచుకున్న తీరు) కేంద్రకం దగ్గర మొనదేలి ఉంటుంది. గంట ఆకారపు గాసియన్ ఫంక్షనేమో అక్కడ గుండ్రంగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ మరీ త్వరగా సన్నగిల్లుతుంది. అయినా దాన్నే వాడతాం. ఎందుకంటే వేర్వేరు పరమాణువుల మీది రెండు గాసియన్లను గుణిస్తే మధ్యలో మళ్లీ ఒక గాసియనే వస్తుంది, సమాకలనులు (ఇంటిగ్రల్స్) తేలికవుతాయి. 1950లో బాయ్స్ చూపిన కిటుకు అది. పోపుల్ బృందం 1969లో మూడేసి గాసియన్లను కలిపి ఒక్కో ఆర్బిటాల్‌కు సరిపెట్టింది. అదే ఎస్‌టీవో-3జి అనే చిన్న బేసిస్ సెట్.

నీటి అణువుకు అందులో 7 ఫంక్షన్లు: ఆక్సిజన్‌కు 5, హైడ్రోజన్లకు చెరొకటి. ఎలక్ట్రాన్ వికర్షణ సమాకలనులు 406. 6-31జి*కు వెళితే ఫంక్షన్లు 19, సమాకలనులు 18,145. ప్రతి ఎలక్ట్రాన్‌కూ మిగతావాటి సగటు ప్రభావాన్నే లెక్కలోకి తీసుకునే హార్ట్రీ-ఫాక్ పద్ధతిలో బంధకోణం మొదటిదాంట్లో 100 డిగ్రీలు, రెండోదాంట్లో 105.5. ప్రయోగంలో 104.5. ఒకే పద్ధతిని ఎన్నో తెలిసిన అణువుల మీద నడిపి, తప్పు ఎంతో కొలిచాకే తెలియని అణువు జోలికి వెళ్లాలని పోపుల్ పట్టుబట్టారు. నా దృష్టిలో ఆయన అన్ని పనుల్లోకీ ఇదే పెద్దది.

ఇక ఫ్లోరైడు. రుణావేశమున్న అయాన్‌లో ఎలక్ట్రాన్లు దూరం దాకా పరుచుకుంటాయి. 6-31జి*లో వాటికి చోటు లేదు. దాంతో ఒంటరి అయాన్ శక్తి ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. పట్టే అణువు పక్కకు చేరగానే దాని ఫంక్షన్లను అరువు తెచ్చుకుంటుంది, బంధం నిజంగా ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది. మందు 6-31+జి*: ఆ ప్లస్ దూరం దాకా పరుచుకునే ఫంక్షన్లను జతచేస్తుంది. ఆ ప్లస్ ఫంక్షన్లను 1983లో ఇచ్చిన నలుగురిలో జె. చంద్రశేఖర్ ఒకరు, తరవాత బెంగళూరు ఐఐఎస్సీలో పనిచేశారు.

ఆవేశం -1, మల్టిప్లిసిటీ 1 (ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉన్నాయని) అని ఇవ్వండి. ఆకృతి కుదిరాక ఫ్రీక్వెన్సీ లెక్క, అంటే అణువు కంపనాల లెక్క, తప్పనిసరి. మైనస్ గుర్తుతో ఒక్క ఫ్రీక్వెన్సీ కనిపించినా అది స్థిరమైన ఆకృతి కాదు. ఆ కంపనం దిశలో పరమాణువులను కొంచెం జరిపి మళ్లీ నడపండి. శూన్యంలో వచ్చిన బంధశక్తిని బోరునీళ్లకు అంటగట్టొద్దు. ఫ్లోరైడును నీళ్లే గట్టిగా పట్టుకుని ఉంటాయి. ద్రావణి నమూనాతో (నీటిని విడి అణువులుగా కాక ఒకే మాధ్యమంగా చూసే లెక్కతో) పాటు అయాన్ చుట్టూ కొన్ని నీటి అణువులను కూడా పెట్టాలి.

ఉచితంగా దొరికే సై4 (Psi4) అనే ప్రోగ్రామ్ మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. మొదట ఫ్లోరైడు, ఒకే ఒక్క నీటి అణువు తీసుకుని ప్లస్ పెట్టీ, పెట్టకుండానూ లెక్కవేయండి. ఈ రెంటి బంధశక్తికి ప్రయోగ విలువలు మోలుకు 23 నుంచి 26 కిలోక్యాలరీలు. ప్లస్ లేని లెక్క దాన్ని బాగా దాటిపోతుంది.