సూటిగా వెళ్లి లోపల వంగే సూది

సూది అంటే నిటారుగానే ఉండాలన్న మన ఊహను తలకిందులు చేసే పరికరమొకటి ఈ మధ్య నా ఆలోచనలను వదలడం లేదు. నికెల్, టైటానియం పరమాణువులు దాదాపు సమానంగా కలిసిన నిటినాల్ అనే మిశ్రలోహంతో (పేరులోని చివరి అక్షరాలు అది పుట్టిన అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలవి) చేసిన ఈ బోలు సూదిని వంచి బిగించి, సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే, ఆ వంపే దాని సహజ రూపమవుతుంది. తర్వాత గట్టి గొట్టంలోకి దూర్చినప్పుడు అది తాత్కాలికంగా నిటారవుతుంది. శరీరంలోకి చేరాక గొట్టం అంచు దాటించగానే తన పాత వంపును తిరిగి పొందుతుంది.

దీనిని ఆకృతి స్మృతి అంటున్నా, ఇక్కడ ప్రధానంగా పనిచేసేది వేడి కాదు, అతిస్థితిస్థాపకత. ఒత్తిడికి లోహపు స్ఫటిక నిర్మాణమే మారి, ఒత్తిడి తొలగగానే వెనక్కి వస్తుంది. అందుకే దాదాపు 8 శాతం సాగినా అది కోలుకోగలదు. మామూలు ఉక్కు 1 శాతం లోపే శాశ్వతంగా వంగిపోతుంది.

ఎముక మజ్జను తీసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఒకేచోట ఎక్కువగా పీలిస్తే మజ్జలో రక్తం అధికంగా కలుస్తుంది కనుక, ఒకే రంధ్రం నుంచి సూదిని తిప్పుతూ పలు దిక్కులకు చేరగలగడం రోగికి మేలే.

అయితే అసలు చిక్కు పీల్చడంలోనే ఉందని నాకనిపిస్తుంది. నిలకడగా సాగే ద్రవ ప్రవాహం గొట్టపు వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, లోపలి వ్యాసం సగమైతే, అంతే బలంతో పీల్చినా ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. గోడను పలచన చేస్తే దారి వెడల్పవుతుంది గానీ, బిగువు తగ్గిన సూది గట్టి కణజాలంలో దారి తప్పుతుంది.