చింతపిక్కల మైదానం

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. క్రికెట్ టెస్టు మ్యాచ్ ఉన్న రోజుల్లో, రాత్రి షిఫ్టు చేసి వచ్చినా పడుకునేవారు కాదు. చొక్కాకు అంటిన నార దులుపుకుని, అరుగు మీద చాప పరుచుకుని, ట్రాన్సిస్టర్ పక్కన పెట్టుకునేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. జనం హోరు వినబడితే ఏదో జరిగిందని తెలిసేది, ఏం జరిగిందో తెలిసేది కాదు. "ఏమన్నాడమ్మా?" అని నన్ను అడిగేవారు.

నాకు వచ్చిన ఇంగ్లీషులో సగానికి పైగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి నేర్చుకున్నదే.

బడిలో ప్రశ్నలూ జవాబులూ కంఠతా పట్టేదాన్ని, మార్కులు బాగానే వచ్చేవి. రేడియోలో మాత్రం మాటకూ మాటకూ మధ్య సందే ఉండేది కాదు. మొదట్లో పేర్లు, అంకెలు తప్ప ఏమీ అందలేదు. అప్పుడు నాన్న బొగ్గుతో గచ్చు మీద ఒక పెద్ద సున్నా గీసి, మధ్యలో పిచ్ గీసి, ఫీల్డర్లు నిలబడే చోట్లలో తొమ్మిది చింతపిక్కలు పేర్చారు. కుర్రతనంలో ఆడిన మనిషి కాబట్టి ఆట ఆయనకు తెలుసు. ఇది గల్లీ, ఇది కవర్, ఇది మిడాన్ అని చూపించారు. ఇక వ్యాఖ్యాత ఒక చోటు పేరు చెప్పగానే నా చూపు ఆ పిక్క మీదికి పోయేది. తెలిసిన ఆ ఒక్క మాటను పట్టుకుని, దానికి ముందున్నదీ వెనకున్నదీ తవ్వుకునేదాన్ని. దొరికిన మాటను తెలుగు అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకుని, సాయంత్రం పెదనాన్న గారింట్లో నిఘంటువు తీసి చూసేదాన్ని.

ఒక్క మాటకు మాత్రం నాన్నే నాకు అర్థం చెప్పారు. వెలుతురు తగ్గే వేళ వికెట్ పడితే, మంచి బ్యాట్స్‌మన్‌ను దాచుకుని ఒక బౌలర్‌ను ముందుగా పంపుతారు. అతన్ని నైట్ వాచ్‌మన్ అంటారు. "మా గేటు దగ్గర కూర్చుంటాడే, అతనే అమ్మా. తెల్లవారేదాకా కాపలా" అన్నారు.

నేను జంకినప్పుడల్లా ఆయన విజ్జీ సంగతి ఎత్తేవారు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు నాయకుడు మన విజయనగరం రాజకుమారుడే. తరువాత ఆయన రేడియోలో వ్యాఖ్యానం కూడా చెప్పారు. "విజయనగరం కోటకు ఇంత దగ్గర పుట్టి నీకు ఇంగ్లీషంటే భయమేమిటి?" అనేవారు నాన్న.

ఆకాశవాణి వ్యాఖ్యానం కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లీషులో సాగేది. నాకు అసలైన పాఠం దొరికింది అక్కడే. హిందీలోనూ మన తెలుగులోలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. బంతి ఎటు పోయిందో చెప్పాకే కొట్టాడని చెబుతారు. ఇంగ్లీషులో ఆటగాడి పేరు, వెంటనే 'డ్రైవ్స్', ఆ తరువాత ఏ పిక్క పక్కనుంచి, ఎంత దూరం. బంతి బ్యాటు వదిలి గీత దాటేదాకా ఏ వరుసలో నడుస్తుందో, వాక్యమూ అదే వరుసలో నడుస్తుంది. అప్పటివరకు నేను తెలుగు వాక్యాన్ని మనసులో పూర్తిగా కట్టుకుని, తిరగేసి ఇంగ్లీషు చేసేదాన్ని. ఆ అలవాటు పోయింది. డ్రైవ్స్, కట్స్, పుల్స్ అని రోజంతా విన్న చెవికి, క్రియ చివరి ఆ 'స్' ఎప్పుడు పెట్టాలో వ్యాకరణం గుర్తుచేయాల్సిన అవసరం కూడా రాలేదు. బ్యాంకు ఉద్యోగంలో చేరి, శిక్షణలో మొదటిసారి లేచి నిలబడి మాట్లాడినప్పుడు, ముందు ఎవరు, తరువాత ఏం చేశారు అని అదే వరుసలో చెప్పాను. గొంతు వణికింది గానీ వాక్యం తడబడలేదు.

2001 మార్చి, కోల్‌కతా టెస్టు. పదో తరగతి పరీక్షల కోసం ఇంట్లో చదువుకుంటున్నాను. ఆస్ట్రేలియా 445 చేస్తే మనవాళ్లు 171కే ఆలౌటై ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్, ఆడాల్సి వచ్చింది. ఆ వారం నాన్నది మధ్యాహ్నం షిఫ్టు. నాలుగో రోజు ఆయన మిల్లుకు బయలుదేరేదాకా లక్ష్మణ్, ద్రావిడ్ అవుట్ కాలేదు. ఆ తరువాత కూడా, రోజు ముగిసేదాకా, అవుట్ కాలేదు. చివరికి లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఇద్దరి భాగస్వామ్యం 376.

ఐదో రోజు మధ్యాహ్నం నుంచి నేనొక్కదాన్నే విన్నాను. అడిగేవారు లేరు. అయినా ఆస్ట్రేలియా ప్రతి వికెట్టూ రాసుకున్నాను. టీ విరామానికి మూడే పడ్డాయి, మిగిలిన ఏడూ ఆ తరువాత పడ్డాయి. రోజూ తమ్ముడు తీసుకెళ్లే క్యారియర్ ఆ సాయంత్రం నేను పట్టుకెళ్లాను. గేటు వాచ్‌మన్ తన బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు. నోటు పుస్తకం తెరిచి మొదటి వికెట్ నుంచి చెప్పడం మొదలుపెట్టాను. హర్భజన్‌కు ఆరు, సచిన్‌కు మూడు, వెంకటపతి రాజుకు ఒకటి. చుట్టూ పదిమంది దాకా చేరారు. మనవాళ్లను గెలిపించిన ఆఖరి వికెట్, మెక్‌గ్రాత్ ఎల్బీడబ్ల్యూ అని చెబుతుండగా విరామం అయిపోయిందని మిల్లు కూత కూసింది. నాన్న లేచారు. క్యారియర్‌లో అన్నం సగం అలాగే ఉంది.