ఒక్కరే ఉంటున్న ఇంట్లో కుక్క

కుక్కను పెంచుకుంటే ఆరోగ్యానికి మంచిదని చాలామంది అంటారు, నేనూ అంటాను, కానీ ఆ మంచి అందరికీ ఒకేలా జరగదు. ఇంటినిండా మనుషులున్నవాళ్లకు కొంత, ఒక్కరే ఉంటున్నవాళ్లకు చాలా ఎక్కువ. ఇది నా ఊహ కాదు. స్వీడన్‌లో 40 నుంచి 80 ఏళ్ల వయసున్న 34 లక్షల మంది రికార్డులను పన్నెండేళ్ల పాటు గమనించి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడ కుక్కల రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఎవరింట్లో కుక్క ఉందో లెక్క దొరుకుతుంది. ఒంటరిగా ఉంటూ కుక్కను పెంచుకునేవాళ్లకు, కుక్క లేని ఒంటరివాళ్ల కంటే, ఆ కాలంలో చనిపోయే ముప్పు 33 శాతం తక్కువగా కనిపించింది. కుటుంబంతో ఉన్నవాళ్లలో ఆ తేడా 11 శాతమే.

ఆ రెండు అంకెలూ చూడగానే నాకు గుంటూరులో మా బ్రాడీపేట లైన్లే గుర్తొచ్చాయి. పైన అద్దెకిచ్చి కింద ఒక్కరే ఉండే పెద్దవాళ్లు ఎంతమందో, పిల్లలేమో డల్లాస్‌లోనో బెంగళూరులోనో. మా అమ్మ కూడా అంతే. నాన్న పోయాక తనొక్కతే ఉంటోంది, నేను హైదరాబాద్‌లో, తమ్ముడు అమెరికాలో.

అమ్మకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. రోజూ నడవమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా నడిచేది కాదు. బద్ధకం అనుకునేవాళ్లం, కాదు. “ఒక్కదాన్నే ఊరికే ఎక్కడికని తిరగనే, అడిగినవాళ్లకు ఏం చెప్పను” అనేది. మన ఊళ్లలో భర్త పోయిన ఒక పెద్దావిడ చేతిలో సంచీ లేకుండా, గుడికి కాకుండా, ఊరికే వీధిలో నడిచి రావడం ఇప్పటికీ అంత తేలిక కాదు, గేటు దాటితే చాలు “ఎక్కడికి పిన్నిగారూ” అని ఎవరో ఒకరు అడుగుతారు, ఆ ప్రశ్నలో చెడు ఏమీ లేకపోయినా సమాధానం లేనివాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. మా కుక్క చిట్టి వచ్చాక ఆ ప్రశ్నే లేకుండా పోయింది. గొలుసు చేతిలో ఉంటే ఎందుకు బయటికి వచ్చారని ఎవరూ అడగరు, చిట్టి బాగుందా అని అడుగుతారు.

చిట్టి జాతికుక్క కాదు, మా గేటు ముందే పెరిగిన మామూలు ఊరకుక్క. అమ్మ వానాకాలంలో వరండాలోకి రానిచ్చింది, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అన్నీ చేయించాం. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడుతుంది, కదలదు. ఆదివారమైనా, అమ్మకు మనసు బాలేకపోయినా అదే. పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు నడిచినా వారానికి 280 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు కనీసం 150 నిమిషాలు చాలంటోంది. గుంటూరు ఎండాకాలంలో మాత్రం ఆరు దాటకముందే వెళ్లి రావాలి, తారు రోడ్డు వేడికి కుక్క పాదాలు కాలిపోతాయి. ఆ వంకన అమ్మ కూడా ఎండలో తిరగడం మానేసింది.

నాకు ఇంకా పెద్ద మార్పుగా కనిపించింది తిండి. “ఒక్కదానికి ఏం వండుకుంటాం” అని రాత్రిపూట రెండు బిస్కెట్లు తిని పడుకునే మనిషి, షుగర్ మాత్ర వేసుకుంటూ. ఇప్పుడు చిట్టికి అన్నంలో గుడ్డు కలిపి పెట్టాలి కాబట్టి పొయ్యి వెలిగిస్తోంది, వెలిగించాక తనకూ ఏదో ఒకటి చేసుకుంటోంది. (ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష మాత్రం కుక్కకు పెట్టకూడదు, ఒంటికి విషం.) షుగర్ రిపోర్టు కొంచెం మెరుగైంది, కానీ అదే సమయంలో మందులు కూడా మార్చారు, అందుకని ఆ పేరు మొత్తం చిట్టికి ఇవ్వను.

ఫోన్‌లో మా మాటలు కూడా మారాయి. ఇంతకుముందు తిన్నావా, మాత్ర వేసుకున్నావా అనేవరకే. ఇప్పుడు చిట్టి ఎవర్ని చూసి మొరిగింది, పూలమ్మే ఆవిడ దానికి ఏం పెట్టింది, ఎదురింటి పిల్లాడు దానంటే భయం ఎలా పోగొట్టుకున్నాడు, అన్నీ చెబుతుంది. కుక్క, దాని మనిషి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో చూపించారు, తల్లికీ పసిబిడ్డకూ మధ్య పనిచేసే హార్మోనే అది. సాయంత్రం పూట కుర్చీ పక్కన చేరి తలెత్తి చూస్తుంటే అమ్మ దాంతో మాట్లాడే తీరు చూశాక నాకు అందులో ఆశ్చర్యం ఏమీ అనిపించలేదు.

ఇదంతా చదివి రేపే మీ నాన్నగారికి ఒక లాబ్రడార్ పిల్లను కొనిచ్చేయకండి, దయచేసి. స్వీడన్ పరిశోధన కుక్క వల్లే ఆయుష్షు పెరిగిందని తేల్చలేదు, ఓపిక ఉన్నవాళ్లే కుక్కను తెచ్చుకుని ఉండొచ్చు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో కుక్క ఉండటం గుండెకు మేలు చేయవచ్చు అంటూనే, గుండె కోసమే అయితే తెచ్చుకోవద్దని చెప్పింది. పెద్దవాళ్లకు కుక్కపిల్ల అస్సలు వద్దు, అది కొరుకుతుంది, లాగుతుంది, రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. మూడు నాలుగేళ్లు వచ్చిన, నెమ్మదైన, మరీ బరువు లేని కుక్క మేలు. అమెరికాలో 65 దాటినవాళ్లు కుక్కను నడిపిస్తూ పడి ఎముకలు విరిగిన కేసులు 2004 నుంచి 2017 మధ్య రెట్టింపు దాటాయి, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. గొలుసు చేతికి చుట్టుకోకూడదని అమ్మకు ఇప్పటికీ ప్రతిసారీ చెబుతాను.

రేబిస్ టీకా ఏటా వేయించాల్సిందే, ఇందులో వాయిదా లేదు, ఎందుకంటే ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. సొంత కుక్కే కరిచినా, గీరినా సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. గోమార్లు పట్టకుండా మందు కూడా చూసుకోవాలి.

ఇంకొకటి, పిల్లలు ఆరు నెలలు అమెరికా రమ్మంటే కుక్కను ఎవరు చూస్తారు? తెచ్చుకోకముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది, లేకపోతే చివరికి వీధిలో వదిలేస్తారు, ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో బతకలేదు. మేం మాట్లాడుకుని, అమ్మ ఈసారి రెండు నెలలే వెళ్లేలా, అప్పుడు చిట్టి హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌లో ఉండేలా అనుకున్నాం. మా అసోసియేషన్‌లో కొందరు ఒప్పుకోలేదు. మెజారిటీ ఓటుతో కూడా పెంపుడు కుక్కలను నిషేధించకూడదని, లిఫ్టులోకి రానివ్వకుండా ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాపీ ఇచ్చాను, దాంతోపాటు గొలుసు లేకుండా కిందికి తీసుకురానని, అది ఎక్కడ పాడు చేసినా నేనే శుభ్రం చేస్తానని, కుక్కంటే భయమున్నవాళ్లు లిఫ్టులో ఉంటే మెట్ల మీద వెళ్తానని రాసి సంతకం పెట్టాను.