మా ఊరి లైబ్రరీలో కూర్చునే పంచాయతీ సెక్రటరీ జాబ్ కొట్టాను

ఫ్రెండ్స్, 2019 సచివాలయం నోటిఫికేషన్‌లో సెలెక్ట్ అయ్యాను, కోచింగ్‌కి సిటీకి పోలేదు, ఇంట్లో అంత డబ్బు లేదు. నేను చదివింది అంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఆ టైంలో ఇంటికొచ్చి వంటపని చూసుకుని, పొద్దున చదివింది ఒకసారి చూడకుండా రాసుకునేదాన్ని, ఆ గ్యాప్ వల్లే నాకు గుర్తుండేది అనిపిస్తుంది.

మొదటి వారం లోపలికెళ్ళడానికే మొహమాటం, పేపర్ చదివే తాతలు తప్ప ఆడపిల్ల ఒక్కతి కూడా లేదు. లైబ్రేరియన్ సారే కిటికీ పక్కన బల్ల జరిపించి ఇది నీదమ్మా అన్నారు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు చెల్లెళ్ళు వచ్చారు, ముగ్గురం మూడు పేపర్లు పంచుకుని చదివి ఒకరికొకరు ప్రశ్నలు వేసుకునేవాళ్ళం.

తాతల గురించి తప్పకుండా చెప్పాలి. పంచాయతీరాజ్ చాప్టర్ నాకు అసలు ఎక్కేది కాదు. ఒకరోజు గట్టిగా బట్టీ పడుతుంటే ఒక తాత పేపర్ పక్కన పెట్టి, 1984లో రామారావు కరణం మునసబుల్ని తీసేసినప్పుడు మా నాన్న పని పోయిందమ్మా అని మొదలుపెట్టాడు, అక్కడి నుంచి 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడం, ముందు సంతకం కోసం ఎంత దూరం నడిచేవాళ్ళో అన్నీ చెప్పాడు, నేను అదంతా నోట్సులో రాసుకున్నా. దాని తర్వాత రాజ్యాంగం 73వ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం చదివితే కథలో తర్వాతి భాగం చదివినట్టే ఉంది. మీ లైబ్రరీలో కూడా ఇలాంటి పెద్దవాళ్ళు ఉంటారు, అడగండి, వాళ్ళు చెప్పిన సంవత్సరాలు మాత్రం పుస్తకంలో సరిచూసుకోండి.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. బీరువాలో చాలా పుస్తకాలు పాత ఎడిషన్లు, ఒకదాంట్లో ఇంకా 23 జిల్లాలే ఉన్నాయి, మనకి అప్పటికి 13. అందుకే చరిత్ర, రాజ్యాంగం బేసిక్స్‌కి పాతవి వాడుకున్నా, అంకెలు మారేవి, ఎకానమీ, స్కీములు పేపర్లలోంచే రాసుకున్నా. కావాల్సిన పుస్తకాల లిస్టు ముగ్గురం సంతకాలు పెట్టి ఇచ్చాం, ఆరు నెలలకి సగం వచ్చాయి. మాకు లేటే, మా తర్వాత వాళ్ళకి పనికొచ్చాయి కాబట్టి మీరూ రాసివ్వండి, ఊరుకోవద్దు.

ఏపీ హిస్టరీలో గ్రంథాలయోద్యమాన్ని, అంటే ఊరూరా లైబ్రరీలు పెట్టించిన ఉద్యమాన్ని, చిన్న టాపిక్ అని వదిలేయకండి. ఆ ఉద్యమానికి పితామహుడు అనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయాల సభ, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన, కాలువ మీద పడవలో పుస్తకాలు ఊరూరా తిప్పిన పాతూరి నాగభూషణం గారు... మా బల్ల దగ్గర కూర్చుని ఇవి చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించేది, వాళ్ళు అంత తిరిగారు కాబట్టే నాలాంటిదానికి ఊళ్ళో ఒక కుర్చీ దొరికింది.

ఇప్పుడు వేరే ఊళ్ళో నేనే ఇంటిపన్ను వసూలు చేస్తున్నా. డిమాండ్ నోటీసులో గ్రంథాలయ పన్ను అని ఒక లైన్ ఉంటుంది చూశారా, ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. అది పంచాయతీ నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి, చాలాచోట్ల బకాయి పడుతుంది, లైబ్రరీలకి న్యూస్ పేపర్లు ఆగిపోవడానికి అదీ ఒక కారణం. నేను మాత్రం ఆ డబ్బు ఆపను. మీ అమ్మానాన్న కట్టిన డబ్బుతో నడిచే చోటు అది, అక్కడ కూర్చోడానికి మొహమాటం ఎందుకు చెప్పండి.

నా నోట్సులు మా లైబ్రరీ బీరువాలోనే పెట్టించా, కరెంట్ అఫైర్స్ తప్ప మిగతావి ఇంకా పనికొస్తాయి. మీరు సెలెక్ట్ అయ్యాక మీవి కూడా మీ ఊళ్ళో ఇచ్చేయండి, పాత పేపర్ల కింద అమ్మకండి.