కుర్చీ నుంచి తలుపు దాకా

నా ఉద్యోగమే తలుపులు తట్టడం. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకీ, పక్షవాతం వచ్చినవాళ్ళకీ ఇంటికెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తాను. డాలస్ చుట్టూ రోజుకు ఐదారిళ్ళు. బెల్లు కొట్టి, నా పేరు, కంపెనీ పేరు గట్టిగా చెప్పి నిలబడతాను. లోపల వాకర్ టకటకా కదులుతూ దగ్గరికొస్తుంటుంది. రెండోసారి బెల్లు కొట్టకూడదు. కంగారులో కాలు మడతపడిందంటే మళ్ళీ ఆస్పత్రే.

మొన్న ఒక పేషెంటు వీధి మొదట్లోనే పోలీసు కారు అడ్డంగా పెట్టి ఉంది. దాని అవతల బేర్‌క్యాట్, అదే ఉక్కు కవచమున్న బండి, ఎవరిదో ఇంటి ముందు గడ్డి మీదికెక్కి ఆగింది. స్వాట్ టీమ్, అంటే పోలీసుల్లోని ప్రత్యేక సాయుధ దళం. హెల్మెట్లు, పొడవాటి తుపాకులు, చేతుల్లో పలకల్లాంటి డాళ్ళు. నలభై నిమిషాలు కార్లోనే కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర మధ్యాహ్నం కాకముందే తినేశాను. టెన్షన్‌గా ఏమీ లేదు. నిజం చెప్పొద్దూ, కాస్త సినిమా చూసినట్టే ఉంది.

దారి వదిలాక లోపలికెళ్ళాను. పేషెంటు డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయన, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. మాట కలపడానికి అన్నాను: "మీరు అదృష్టవంతులు. పిలిస్తే ఇంత బలగం దిగుతుంది. మా ఊళ్ళో అయితే గంట తర్వాత ఒక జీపు వస్తుంది, దాని డీజిల్ ఖర్చు కూడా మన నెత్తినే." నవ్వుతారనుకున్నాను.

నవ్వలేదు. "నీ స్టాప్‌వాచ్ తియ్యి" అన్నారు. "వచ్చినప్పుడల్లా నేను లేచి నడిచిన టైము రాసుకుంటావు కదా. ఇవాళ ఈ కుర్చీ నుంచి వీధి తలుపు దాకా రాసుకో."

రెండు చేతులూ కుర్చీకి ఆనించి, రెండోసారి ఊగితేగానీ లేవలేకపోయారు. వాకర్ ముందు చక్రం కార్పెట్ అంచులో ఇరుక్కుంది. విడిపించుకుని, మలుపు తిరిగి, గొలుసు తీసి గడియ తిప్పారు. 52 సెకన్లు.

"తలుపు తట్టాక ఆ పోలీసులు నాకెన్ని సెకన్లు ఇస్తారో కనుక్కుని రా. అప్పుడు చెబుదువు నా అదృష్టం."

కోపమొచ్చింది. నేనేం తప్పన్నానని? ఇంటిదాకా కార్లో ఆయనతో వాదిస్తూనే వచ్చాను, ఒక్కదాన్నే. పిల్లాణ్ణి పడుకోబెట్టాక ల్యాప్‌టాప్ తెరిచి వెతికితే దొరికింది. 2003లో లాస్ వేగాస్ డ్రగ్స్ కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పోలీసులు తలుపు తట్టి, 15 నుంచి 20 సెకన్లు ఆగి పగలగొట్టారు. లోపలతను స్నానం చేస్తున్నాడు, వినపడలేదన్నాడు. ఆ వ్యవధి సరిపోతుందని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆలోపు సరుకు టాయిలెట్‌లో పోసేయొచ్చు కదా అని. స్నానాల గదిలోంచి తలుపు దాకా మనిషికెంత పడుతుందన్నది కాదట లెక్క.

అది తట్టి వెళ్ళే వారెంటు. తట్టకుండానే వెళ్ళేవీ ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో మినియాపొలిస్‌లో స్వాట్ టీమ్ తాళంచెవితో అపార్ట్‌మెంట్ తెరిచి అరుచుకుంటూ వెళ్ళింది. సోఫా మీద దుప్పటి కప్పుకుని పడుకున్న అమిర్ లాక్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు చట్టప్రకారం తనదైన తుపాకీతో లేవబోయాడు. పది సెకన్లలోపే కాల్చేశారు. వారెంటులో అతని పేరే లేదు. మా పెద్దాయన మంచం పక్క సొరుగులోనూ పిస్తోలుంది. మొదటి విజిట్‌లో కంపెనీ రూలని చెప్పి దానికి తాళం వేయించింది నేనే.

అయినా నా వాదన నాకుంది. 2023 మేలో, మాకు దగ్గర్లోని ఆలెన్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని చంపాడు. అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ వారమంతా మా వాళ్ళెవరూ నిద్రపోలేదు. మా వాడు రెండో తరగతి, స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్లంటే బల్ల కింద నక్కుతాడు. అలాంటి దేశంలో ఉక్కు బండి వద్దని ఎలా అనను?

కానీ ఆలెన్‌లో వాణ్ణి ఆపింది ఉక్కు బండి కాదు, వేరే పని మీద అక్కడికొచ్చిన ఒకే ఒక్క పోలీసు. అంతకు ముందేడు మా టెక్సాస్‌లోనే ఉవాల్డీ బడిలో ఒకడు కాల్పులు జరిపితే, 376 మంది పోలీసులూ ఇతర భద్రతా సిబ్బందీ వెళ్ళి 77 నిమిషాలు ఆగారు. పందొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. మరి ఈ టీమ్‌లు రోజూ చేసేదేమిటి? పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2014లో ఇరవై పోలీసు శాఖల రికార్డులు తిరగేసింది. ఎనిమిది వందలకు పైగా దాడుల్లో నూటికి 79 ఇళ్ళ సోదాలకే. బందీల్ని విడిపించడం, కాల్పులు ఆపడం లాంటివి 7. ఆ ఏడు చూపించి మిగతావి నడిపిస్తున్నారని పెద్దాయన అంటారేమో. నేనైతే ఆ ఏడింటినే పట్టుకుని వేలాడుతున్నాను.

మా బాపు గుర్తొచ్చాడు. తొంభైల్లో నర్సంపేట దగ్గర మా ఊరు. అన్నలొచ్చి అడిగితే అన్నం పెట్టకపోతే తంటా. పెట్టినట్టు తెలిస్తే పోలీసులతో తంటా. కూంబింగ్ రోజుల్లో అర్ధరాత్రి తలుపు దడదడలాడగానే బాపు లుంగీ సర్దుకుంటూ "వస్తున్న సార్, వస్తున్న" అని అరిచేవాడు. చెయ్యి గడియ మీద పడేదాకా ఆ అరుపు ఆపేవాడు కాదు. మా పోలీసులు నయం, ఆ అరుపు వినేవాళ్ళు అని రాయబోయాను. మా తలుపు దగ్గర విన్నారు. పక్క వీధిలో వినలేదు. అక్కడివాళ్ళ కథ వేరు. ఇవన్నీ తెలిసి పెరిగినదాన్ని, కార్లో కూర్చుని పులిహోర తిన్నాను.

తర్వాతి విజిట్‌లో సారీ చెబుదామనుకుని వెళ్ళాను. నోరు పెగల్లేదు. "పదిహేను, ఇరవై" అన్నాను. తల ఊపారు. ఆయనకు ముందే తెలుసనుకుంటాను. కార్పెట్ అంచు టేపుతో అతికించాం, కుర్చీని తలుపు వైపు రెండడుగులు జరిపాం. లేచి నిలబడడం పదేసి సార్లు, మూడు విడతలు. 41 సెకన్లకు దిగింది.

చార్టులో లక్ష్యం అని ఒక గడి ఉంటుంది. 'కుర్చీ నుంచి వీధి తలుపుకు 30 సెకన్లు' అని రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, 30 కొట్టేసి 15 వేయమన్నారు. ఈ వయసులో, ఆ మోకాలితో అది కాదని నాకు తెలుసు. ఇన్సూరెన్స్‌వాళ్ళు ఇంకా నాలుగు విజిట్లే ఇచ్చారు.